రైలుకట్ట దాటుచోట పూచీ యెవరిది?

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమునకు రైలు వచ్చుచున్నది. నడికూడి మొదలు శ్రీకాళహస్తి వఱకు సుమారు 309 కిలోమీటర్ల పొడవున వేయుటకు 2011–12లో అనుమతి పొందిన నూతనమార్గము పామూరు దాటి వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి ప్రాంతముల మీదుగా సాగవలసి యున్నది. వ్యయమున సగము కేంద్రమువారిది, సగము రాష్ట్రమువారిది. భూమిని సేకరించి యిచ్చు భారము రాష్ట్రమువారిదే. 1899లో మద్రాసు, బెజవాడలను కలుపు మార్గము సముద్రతీరము వెంట తెఱవబడిననాటి నుండియు, ఉదయగిరి కొండల క్రిందివారును, అనంతసాగరము, కలువాయి, మఱ్ఱిపాడు పల్లెలవారును రైలెక్కవలెనన్నచో సాధారణముగా నెల్లూరు చేరవలసినదే. నూఱేండ్లకు మీఱిన యీ కొఱత తీఱబోవుచున్నందుకు సంతోషింపనివా రుండరు.

కాని రైలు వచ్చుట యనగా స్టేషను వచ్చుట మాత్రమే కాదు, కట్ట వచ్చుట కూడ. ఆ కట్ట పొలమును చీల్చును, బండిబాటను చీల్చును, చెఱువుకు పోవు కాలువను, మేకలు గొఱ్ఱెలు పోవు డొంకను చీల్చును. ఊరు ఒకవైపునను, శ్మశానము వేఱొకవైపునను పడుట కలదు. పిల్లలొకవైపున, బడి యొకవైపున నుండుట కలదు. స్టేషను ఎచ్చట వచ్చునని విచారించువారు ప్రతి రచ్చబండ యొద్దను కనబడుచున్నారు. మన బండి కట్టను ఎచ్చట దాటును, దాటునపుడు ప్రమాదము జరిగిన పూచీ యెవరిదని విచారించువారు మాత్రము అరుదు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, ఇతర జిల్లాలవారు దానిని ఎంత మూల్య మిచ్చి నేర్చికొనిరో చూడవలెను.

2014 జూలై 24వ తేదీ ఉదయమున మెదకు జిల్లా మాసాయిపేట యొద్ద, కాపలాలేని లెవెల్ క్రాసింగును దాటుచున్న బడిబస్సును నాందేడు–సికింద్రాబాదు పాసెంజరు రైలు ఢీకొన్నది. పదిమందికి పైబడిన బాలబాలికలును, బస్సు నడుపుచున్న డ్రైవరును ప్రాణములు కోల్పోయిరి. నాలుగైదు పల్లెలలో ఒకే దినమున పసిబిడ్డల శవములు లేచినవి. ఆ సాయంకాలమునకే వాదము మొదలైనది. డ్రైవరు ఆగి చూడలేదని రైల్వే అధికారులనిరి. గేటు పెట్టుడని యెన్నో పర్యాయములు మొఱపెట్టుకొంటిమని గ్రామస్థులనిరి. ప్రతిదినము వచ్చు డ్రైవరు కాక వేఱొకడు ఆనాడు బండి తెచ్చెనని పత్రికలలో వచ్చినది. ఒక్కొక్కరు చెప్పినదానిలో కొంత సత్యము లేకపోలేదు. కాని అందఱి సత్యములను కలిపినను, చచ్చిన బిడ్డల తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసిన వాడెవడో తేలలేదు.

చట్టమేమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ సెక్షనున కాపలాలేని క్రాసింగును చేరిన ప్రతి డ్రైవరును బండి నాపవలెననియు, కండక్టరు గాని క్లీనరు గాని దిగి కట్టవఱకు నడచిపోయి యిరువైపుల చూచి, రైలు రాలేదని నిశ్చయించుకొని, బండిని ముందు నడచి దాటింపవలెననియు, అట్టివాడు లేనిచో డ్రైవరే దిగి చూడవలెననియు శాసించినది. 1989 నాటి రైల్వే చట్టము 161వ సెక్షను, ఆగక గాని, రైలు కనబడుచున్నదేమో యని చూడక గాని దాటిన డ్రైవరునకు ఒక సంవత్సరము వఱకు ఖైదు విధించినది. మాసాయిపేట డ్రైవరు బ్రతికి యున్నచో ఈ సెక్షను క్రిందనే బోనెక్కవలసినవాడు.

ఈ నియమము అనవసరమని మే మనము. ఆగి చూచుట వలన పోవునది అరనిమిషము. చూడకుండుట వలన పోవునది ప్రాణము. నలువదిమంది పిల్లలను కూర్చుండబెట్టుకొని కట్టపై కెక్కువానికి ఆ యరనిమిషము బరువు కాగూడదు. కాని పూచీ యంతయు ఆ నియమముతోనే డ్రైవరు నెత్తిన పెట్టి చేతులు కడుగుకొనుట న్యాయమా యన్నది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్నను ఒక చిన్న లెక్కతో పరీక్షింపవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు రైలు ఒక్క క్షణమునకు సుమారు 28 మీటర్లు పోవును. క్రాసింగునకు 600 మీటర్ల దూరమున ఈల వేయవలెనని సూచించు పలక నాటబడి యుండును. అచ్చట ఇంజను డ్రైవరు ఈల వేసినచో రైలు క్రాసింగును చేరుటకు మిగిలిన కాలము ఇరువదిరెండు సెకండ్లు. కట్టవఱకు నడచిపోయి చూచినవాడు వెనుకకు వచ్చి, బండి యెక్కి, మొదటి గేరు వేసి, ఎత్తైన కట్టపై కెక్కించి, అవతలకు దింపుటకు ఇరువదిరెండు సెకండ్లు చాలునా? వంపు చాటుననో, తుమ్మచెట్ల చాటుననో మార్గమున్నచో చూచినదానికిని దాటినదానికిని నడుమ రైలు రావచ్చును. ఇంజను డ్రైవరు బ్రేకు వేసినను, అంత బరువు గల బండి ఆ దూరములో నిలువదు.

ఇదే వాదము అమెరికా దేశపు సుప్రీంకోర్టులో తొంబదియేండ్లకు పూర్వము జరిగినది. 1927లో గుడ్‌మన్ అనువాని వ్యాజ్యమున జస్టిస్ హోమ్స్, రైలు వచ్చుచున్నదో లేదో నిశ్చయముగా తెలియనిచో బండి నాపి దిగి చూడవలసిన బాధ్యత డ్రైవరుదే యని తీర్పు చెప్పెను. ఏడేండ్లు గడచుసరికి, 1934లో, పొకోరా అను మంచుగడ్డల లారీ నడుపువాని వ్యాజ్యమున జస్టిస్ కార్డోజో ఆ నియమమును సడలించెను. ప్రక్క పట్టాలపై నిలిపిన పెట్టెలు చూపున కడ్డముగా నున్నవి; దిగి నడచిపోయి చూచినను తిరిగి వచ్చులోపల రైలు రావచ్చును; అట్టి చూపు వ్యర్థమే కాక ప్రమాదకరము కూడ; కావున ఏ స్థలమున ఏది జాగ్రత్త యనిపించుకొనునో ఆ స్థలపు పరిస్థితులను బట్టి నిర్ణయింపవలెనని ఆయన భావము. మన 131వ సెక్షను హోమ్స్ చెప్పిన చోటనే నిలిచి యున్నది.

మన న్యాయస్థానము మాత్రము నిలిచి యుండలేదు. కేరళ రాష్ట్రమున 1979లో కాపలాలేని క్రాసింగుపై ఒక ప్రయాణికుల బస్సు రైలుక్రింద పడి బహుజననాశము జరిగినది. నష్టపరిహారపు వ్యాజ్యములు పదునెనిమిదేండ్లు నడచి 1997లో సుప్రీంకోర్టు చేరినవి. తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన ఆ తీర్పు మన దేశమున ఈ విషయమునకు గీటురాయి. అందు తేలిన ముఖ్యాంశములు రెండు. చట్టమున స్పష్టమైన ఆజ్ఞ లేకపోయినను, ప్రమాదకరమైన వస్తువును జనులు నడచు దారిపైకి తెచ్చువానికి తగిన జాగ్రత్త తీసికొనవలసిన సహజబాధ్యత కలదు. బండ్లు, రైళ్లు పెరిగిన చోట గేటును, కాపలావానిని పెట్టకపోవుట రైల్వే యొక్క నిర్లక్ష్యమగును. ఇంక రెండవది: డ్రైవరు తప్పు చేసినచో ఆ తప్పును వెనుక కూర్చున్న ప్రయాణికునికి అంటగట్టి, అతని కుటుంబమునకు పరిహారము లేదనరాదు. బస్సులో కూర్చున్న పిల్లవాడు డ్రైవరును ఎన్నుకొనలేదు, బ్రేకు త్రొక్కలేదు. ఇంత సులభమైన న్యాయమును ఒప్పించుటకు పదునెనిమిదేండ్లు పట్టినదే యని చింతించుట తప్ప చేయగలది లేదు.

ఈ జాప్యమునకు మూలము వెదకినచో పాతచట్టము కనబడును. ఇంగ్లండులో 1845లోనే పార్లమెంటు రైల్వే కంపెనీలను కట్టుదిట్టము చేసినది. బహిరంగమార్గమును సమతలమున దాటు ప్రతి చోటను గేట్లు పెట్టవలెను. వానిని మూయుటకు తెఱచుటకు మనుష్యులను నియమింపవలెను. ఆ వ్యయము కంపెనీది. అదే దేశమువారు మనకు 1890లో రైల్వే చట్టము చేసినపుడు కలము వేఱు విధముగ నడచినది. గేట్లు, గొలుసులు, కాపలావాండ్రు ఎచ్చట కావలెనో ప్రభుత్వము చెప్పినపుడు కంపెనీవారు పెట్టవలెనని మాత్రమే 13వ సెక్షనున వ్రాసిరి. ప్రభుత్వము చెప్పనిచో? చెప్పనిచో లేదు. మద్రాసు రైల్వే, దాని తరువాత మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీ నడచినది ఈ చట్టము నీడనే. లండనులో వాటాదారులకు లాభము పంచవలసిన కంపెనీ, మన పల్లెబాటకు గేటుమానును తనంతట తాను నియమించునని యెవ్వరును ఆశింపరు. ఆశ్చర్యమేమనగా, కంపెనీలు పోయి, దొరలు పోయి, రైళ్లన్నియు మనవే యైన తరువాత 1989లో మన పార్లమెంటు చేసిన క్రొత్త చట్టమున కూడ 18వ సెక్షను ఇంచుమించు ఆ మాటలలోనే నిలిచినది. ఇంగ్లీషువాడు తన బిడ్డకొక న్యాయము, మన బిడ్డకొక న్యాయము చేసెనన్నచో అర్థమున్నది. మన బిడ్డకు మనమే ఆ రెండవ న్యాయమును కొనసాగించుటకు అర్థము వెదకవలసి యున్నది.

ఏ క్రాసింగునకు మనిషిని పెట్టవలెను, ఎచ్చట వంతెన కట్టవలెనని నిర్ణయించుటకు రైల్వేవారి యొద్ద ఒక కొలత కలదు. ఒక దినమున దాటు రైళ్ల సంఖ్యను, ఆ దారిని పోవు బండ్ల సంఖ్యతో హెచ్చవేయుదురు. ఇరువది రైళ్లు, నూటయేబది బండ్లు పోయినచో ఆ క్రాసింగు విలువ మూడువేలు. లక్ష చేరినచో పై వంతెనకు రైల్వేవారు సగము, రాష్ట్రమువారు సగము పెట్టుకొనుట ఆచారము. లెక్కకు లెక్క సరిగానే యున్నది. కాని ఆ లెక్కలో మోటారుబండి ఒకటి, ఎద్దులబండియు ఒకటి. నలువదిమంది పిల్లలతో నిండిన బడిబస్సు ఒకటి. ఒక్క మనిషి తోలుకొనిపోవు చొప్పబండియు ఒకటి. ఏ చిన్న పల్లె యొద్దను ఈ విలువ గొప్ప సంఖ్యకు చేరదు. చేరనందున కాపలా రాదు. ఆ పల్లెనుండియే ఇప్పుడు ప్రతి యుదయము పట్టణపు బడులకు బస్సులు పోవుచున్నవి. మాసాయిపేటలో జరిగినది ఇదియే.

2012లో అనిల్ కకోద్కరు గారి అధ్యక్షతను రైలు భద్రతను విచారించిన సంఘము, కాపలా యున్నవి లేనివి యను భేదము లేక లెవెల్ క్రాసింగులన్నింటిని ఐదేండ్లలో తొలగింపవలెననియు, దానికి సుమారు 50,000 కోట్ల రూపాయలు కావలెననియు, గేట్ల నిర్వహణమున మిగులు సొమ్ముచే ఆ వ్యయము కొన్నియేండ్లలో తిరిగి వచ్చుననియు నివేదించినది. ఐదేండ్లు గడచినవి; గేట్లు గడచిపోలేదు. 2014లో దేశమున కాపలాలేని క్రాసింగులు 11 వేలకు పైగా ఉండినవి. కొన్నింటి యొద్ద గేటుమిత్ర యను పేర మనుష్యులను నిలిపి దాటువారిని హెచ్చరింపజేసిరి. 2018 ఏప్రిల్ 26వ తేదీన ఉత్తరప్రదేశపు కుశీనగరు జిల్లాలో మఱల ఒక బడిబండి రైలుక్రింద పడి పదుమువ్వురు పిల్లలు మడిసిన తరువాత పని వేగము పుంజుకొన్నది. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని క్రాసింగు ఒక్కటియు మిగులకుండ చేసితిమని రైల్వేవారు ప్రకటించిరి. ఇది మెచ్చవలసిన కార్యమే. దశాబ్దముల తరబడి ధనము లేదు, అధికారము లేదు, రాష్ట్రము కదలలేదు అని చెప్పబడిన పని, తలచుకొన్నపుడు కొలదికాలములో ముగిసినది. మొదటనే తలచుకొన్నచో నెందఱు బ్రతికియుందురో యన్న యాలోచన కూడ దాని వెంటనే వచ్చును.

కాపలా యున్నంత మాత్రమున పూచీ సమస్య తీఱెననుకొనుట పొరపాటు. దేశమున ఇంకను పదునాఱువేలకు పైబడి కాపలాగల గేట్లున్నవి. వీనిలో రెండు తెగలు. మొదటి తెగలో గేటునకును సిగ్నలునకును ముడి యుండును: గేటు మూసి తాళము పడిననే గాని సిగ్నలు దిగదు, సిగ్నలు దిగిన తరువాత గేటు తెఱవరాదు. మనిషి మఱచినను యంత్రము మఱవదు. రెండవ తెగలో ఆ ముడి లేదు. స్టేషను మాష్టరు టెలిఫోనులో రైలు వచ్చుచున్నదని చెప్పును; గేటుమాను మూసితినని చెప్పి ఒక రహస్యసంఖ్యను వినిపించును; ఆ సంఖ్యను పుస్తకమున వ్రాసికొందురు. ఇచ్చట ప్రాణములు నిలుచునది ఆ యొక్క మనుష్యుని మాటపై. 2025 జూలై 8వ తేదీన తమిళనాడు కడలూరు సమీపమున సెమ్మంగుప్పం గేటు ఈ రెండవ తెగకు చెందినది. రైలు వచ్చువేళ బడివాను పట్టాలపై నుండెను. ముగ్గురు విద్యార్థులు మరణించిరి. గేటుమానును సస్పెండు చేసి, అరెస్టు చేసిరి. దాని వెంటనే గేట్లన్నింటి యొద్దను సి.సి. కెమెరాలు పెట్టవలెననియు, టెలిఫోను సంభాషణల రికార్డులను తనిఖీ చేయవలెననియు రైల్వేమంత్రి ఆజ్ఞాపించిరి.

గేటుమాను తప్పు చేసిన శిక్షింపవలసినదే. కాని అతని పనిని గూర్చి యొక మాట చెప్పక తప్పదు. రైళ్లు తక్కువగా తిరుగు గేట్ల యొద్దివారి పనిని రైల్వే నిబంధనలు నడుమ నడుమ విశ్రాంతి గలదానినిగా ఎంచి, పండ్రెండు గంటల వంతులు వేయుచున్నవి. ఊరికి దూరముగా, ఒక్క గది, ఒక దీపము, ఒక టెలిఫోను. రాత్రి రెండు గంటలకు వచ్చు గూడ్సు కొఱకు మేలుకొని యుండుట. మంచముపై పండుకొనకున్నను కన్ను మూతపడుట మానవధర్మము. ఆ కన్ను మూతపడినచో నష్టము కలుగకుండ సిగ్నలుతో ముడి పెట్టుటకు కావలసిన యంత్రము దశాబ్దముల నుండి యున్నది. యంత్రము పెట్టని యధికారి కెట్టి శిక్షయు లేదు, నిద్రించినవానికి జెయిలు. క్రిందివాని తప్పు కంటికి కనబడును, పైవాని తప్పు ఫైలులో నుండును.

ఇంక గేటు వేసినవేళ మన జనుల నడవడి. నెల్లూరు పట్టణములో పేటలకే గేట్ల పేర్లు నిలిచినవి. విజయమహల్ గేటు అనినను, కొండాయపాలెము గేటు అనినను ఆ చోటు తెలియనివారు లేరు. గేటు పడినదన్నచో రెండువైపుల సైకిళ్లు, ఆటోలు, లారీలు దారినిండ నిండుట, ఎదురువచ్చువారికి ఇసుమంతయు చోటు మిగల్చక కుడివైపు కూడ ఆక్రమించుట, మోటారుసైకిలును ప్రక్కకు వాల్చి కమ్మిక్రింద దూర్చుట మనమందఱము చూచినదే. మనలో కొందఱము చేసినదే. పొలమునకు ఆలస్యమగునని చెప్పువాడు, అవతల టీకొట్టు యొద్ద అరగంట నిలుచుటయు చూచితిమి. గేటుమానును తిట్టి బెదిరించి గేటు తెఱపించు మోతుబరులు లేకపోలేదు. రైల్వే చట్టము 160వ సెక్షను ప్రకారము మూసిన గేటును అధికారము లేక తెఱచినవానికి మూడేండ్ల వఱకును, విఱుగగొట్టినవానికి ఐదేండ్ల వఱకును ఖైదు. గేటుమాను తెఱచినాడని సాక్ష్యము వచ్చినపుడు, తెఱువుమని కేకలు వేసినవారి పేరులు సాక్ష్యములో రావు.

ఇప్పుడు మన పడమటి ప్రాంతమునకు మఱల వత్తము. నూతనమార్గములలో సమతలపు గేట్లు పెట్టక, దారులను కట్ట మీదనో క్రిందనో నడుపుటయే ఇప్పటి రైల్వేవారి విధానము. కావున ఆత్మకూరు ప్రాంతమున మాసాయిపేట జరుగదని ధైర్యము చెప్పవచ్చును. ఓబులవారిపల్లె, వెంకటాచలముల నడుమ వెలిగొండను తొలిచి సుమారు ఆఱున్నర కిలోమీటర్ల సొరంగముతో వేసి 2019 సెప్టెంబరున ప్రారంభించిన మార్గమును చూచినవారికి రైల్వే ఇంజనీర్ల సామర్థ్యమును గూర్చి సందేహ ముండదు. కొండను తొలుచుట వచ్చినవారికి పల్లెబాటను కట్టక్రింద నడిపించుట కష్టము కాదు. కష్టము వేఱొకచోట నున్నది.

అనంతసాగరము, ఆత్మకూరు బస్సులు నెల్లూరు చేరి నిలుచు స్టాండు రైలుకట్టకు చేరువనే కలదు. అచ్చట కట్టక్రింద నుండి పోవు దారిని ఎఱుగనివారు మన ప్రాంతమున లేరు. మంచి వాన ఒక్కటి కురిసినచో ఆ దారి చెఱువగును. మోటారు పెట్టి నీరు తోడువఱకు బస్సులు ఆగును, ఆటోలు మునుగును, నడచువారు కట్టపైకెక్కి పట్టాలను దాటుదురు. గేటు తీసివేసినందున గేటు ప్రమాదము పోయినది; నీరు నిలిచినందున మనిషి పట్టాలపైకి మఱల వచ్చినాడు. అట్లు దాటుట 147వ సెక్షను క్రింద నేరము, ఆఱునెలల వఱకు ఖైదు గాని వేయిరూపాయల వఱకు జుల్మానా గాని కలదు. మొలలోతు నీటిలో దిగుమని చెప్పగల న్యాయాధిపతి యుండునా? కకోద్కరు సంఘమువారు దేశమున ఏటేట పట్టాలు దాటుచు మరణించువారి సంఖ్య సుమారు 15,000 అని చెప్పి, దానిని నాగరికసమాజ మెట్టిదియు సహింపరాని మారణకాండగా వర్ణించిరి. వీరు రైలుప్రమాదముల పట్టికలో చేరరు. అతిక్రమించి దాటినవారని యొక ముద్ర వేసి వేఱుగా లెక్కింతురు.

కట్టక్రింది దారిలో నీరు నిలిచిన తోడవలసినదెవరు? కట్టినది రైల్వేవారు, దారి పంచాయతీదో, మునిసిపాలిటీదో, రోడ్లశాఖదో. మోటారు ఎవరిది, కరెంటుబిల్లు ఎవరు కట్టవలెను, పూడిక ఎవరు తీయవలెననునవి కట్టునాడే కాగితముపై తేలనిచో, వానకాలమున ఒకరి ముఖమొకరు చూచుకొందురు. ఎత్తు కూడ విచారింపవలసినదే. కారు పోవు ఎత్తున క్రిందిదారి కట్టి వెళ్లినచో వరిగడ్డి వేసిన ట్రాక్టరు పోదు, కోతమిషను పోదు. సోమశిల ఉత్తరకాలువ క్రింద వరి పండించువాడు, కోతమిషనును నాలుగైదు మైళ్లు చుట్టు త్రిప్పి తెచ్చుకొనవలసిన గతి పట్టును. గొఱ్ఱెలమందను తోలుకొనిపోవువాడు చుట్టు తిరుగడు, మంద తిరుగనీయదు. నెల్లూరు గొఱ్ఱెకు పేరు తెచ్చిన ప్రాంతమున డొంకలెచ్చట కట్టను కలియునో గుర్తింపక కట్ట వేసినచో, మందయు, దాని వెంట కాపరియు పట్టాల కెక్కుట నిశ్చయము.

ఈ విషయమున చట్టము భూస్వాములకు ఒక హక్కిచ్చినది. దానికి గడువు కూడ పెట్టినది. ఈ రెంటిని తెలిసినవారు కొలదిమంది. రైల్వే చట్టము 16వ సెక్షను ప్రకారము, కట్ట వేయుటచే భూముల యుపయోగమునకు కలిగిన యంతరాయమును తీర్చుటకు కావలసిన దారులు, వంతెనలు, క్రాసింగులు రైల్వేవారే తమ వ్యయముతో కట్టవలెను. పూర్వము నీరు ఎట్లు పాఱెనో అట్లే పాఱుటకు కావలసిన తూములు, కాలువలు కూడ కట్టవలెను. కాని ఆ భూమి యజమాని, దారికి బదులుగా సొమ్ము పుచ్చుకొనుటకు ఒప్పుకొని పుచ్చుకొన్నచో, తరువాత దారి యడుగుట కవకాశము లేదు. పరిహారపు కాగితములపై వ్రేలిముద్ర వేయునపుడు, ఆ సొమ్ము భూమికా, భూమితోపాటు దారికి కూడనా యని చదివించుకొనవలెను. మార్గమును ప్రజల రాకపోకలకు మొదట తెఱచిన తేదీ నుండి పదియేండ్లు గడచినచో, అధికమైన దారులు కట్టుమని రైల్వేవారిని నిర్బంధించుటకు వీలులేదు. ఆ తరువాత కావలసినవారు, భూస్వామి గాని పంచాయతీ గాని, 17వ సెక్షను క్రింద తమ సొమ్ముతో కట్టించుకొనవలెను. బహిరంగమార్గమునకు పై వంతెన కాని క్రింది దారి కాని పిమ్మట కావలసివచ్చినచో 19వ సెక్షను క్రింద రాష్ట్రమువారో స్థానికసంస్థవారో వ్యయము భరించుట కొప్పుకొనవలెను. గ్రామపంచాయతీ రాబడి యెంత, రైలు క్రింద దారి త్రవ్వుట కగు ఖర్చెంత?

ఇది చదివినవారు, అంత తొందర యేమి, రైలు రానిమ్ము, తరువాత చూతమని యనవచ్చును. తీరమార్గమున గేటు కావలెనని, వంతెన కావలెనని అర్జీలు పెట్టినవారందఱును అట్లే రైలు వచ్చిన తరువాత చూతమనుకొన్నవారి మనుమలే. పెన్నపై సోమశిల జలాశయము కట్టినపుడు కాగితముపై లేని మాట కెంత విలువ యుండునో మన పెద్దలకు తెలిసినది. భూసేకరణ జరుగుచున్న గ్రామములలో, కట్ట గీత గీసిన పటమును తహసీలుదారు కచేరీలో చూడగోరు హక్కు ప్రతి రైతునకును కలదు. ఊరివా రొకచోట చేరి ఆ పటముపై బండిబాటలు, డొంకలు, శ్మశానపు దారి, బడిదారి, వంకలు, కాలువలు గుర్తుపెట్టవలెను. ఏ క్రిందిదారి వానకాలమున నిండునో పొలము దున్నువానికి తెలిసినంతగా పటము గీసినవానికి తెలియదు. కోతమిషను ఎత్తెంతయో, గడ్డిబండి ఎత్తెంతయో కొలిచి వ్రాసి, నీరు తోడు బాధ్యత యెవరిదో పేరుతో సహా అడిగి, అర్జీ ఒకటి రైల్వే నిర్మాణశాఖ ఇంజనీరుకును, ఒకటి కలెక్టరుకును రిజిస్టర్డు పోస్టులో పంపి, రసీదు దాచుకొనవలెను. బడులు నడుపువారును తమ బస్సు లేయే దారుల పోవునో అందు చేర్చుట మంచిది. అర్జీకి వచ్చిన జవాబును పంచాయతీ తీర్మానముల పుస్తకమున ఎక్కింపవలెను. సర్పంచి మాఱిననను, ఇంజనీరు బదిలీ యైననను ఆ పుస్తకము ఊరిలోనే యుండును. పదియేండ్ల గడువు మార్గమును ప్రజల రాకపోకలకు తెఱచిన దినమున మొదలగును.